జావా కాదు, జావ

మొన్న ఒక పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న కుర్రవాడు, నేను సింగపూర్‌లో పనిచేశానని విని, "అంకుల్, ఆ రోజుల్లో మీరు ఏ ప్రాజెక్టు మీద ఉండేవారు?" అని అడిగాడు. పళ్ళ మీద అన్నాను. అతను విస్తట్లో ఉన్న అరటిపండు వైపు చూశాడు. తినే పళ్ళు కాదు నాయనా, నమిలే పళ్ళు, అదీ ఐరోపాలో వేల ఏళ్ళ కిందట పోయినవాళ్ళవి అన్నాను. మర్యాదగా నవ్వి, పెరుగు కోసం అటు తిరిగి మళ్ళీ ఇటు తిరగలేదు. అతనికి చెప్పలేకపోయినది మీకు చెబుతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

అది ఊరూవాడా కంప్యూటర్ కోర్సుల మీద పడ్డ కాలం. సింగపూర్‌లోని సెరంగూన్ పేటలో మా బ్లాకు లిఫ్టు ఎక్కితే చాలు, ఎవరో ఒక తెలుగు కుర్రాడు తగులుకునేవాడు. ఇంకా ఆ ల్యాబులోనే ఉన్నారా అంకుల్, జావా నేర్చుకోండి, జీతం రెట్టింపవుతుంది అని సలహా. నాకు ఒళ్ళు మండేది. వయసులో సగం లేనివాడు, మనం కిందికి దిగేలోపు మన బతుకు బాగుచేసేస్తాడు! మా ల్యాబులో కుర్రకారు ఒక్కొక్కరే సాఫ్ట్‌వేర్‌లోకి జారుకున్నారు. చివరికి మెషీను దగ్గర మిగిలింది ముగ్గురం. మా పెద్ద మేడం, స్థానిక చైనీస్ ఆవిడ, మాట తక్కువ, పట్టింపు ఎక్కువ. మెషీను నడిపే నేను, విజయనగరం వైపువాణ్ణి. మూడో మనిషి రసాయనాల పని చూసే అనంతపురం ఆవిడ. నన్ను అన్నా అని పిలిచేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. ఆమె భర్త కూడా షిప్‌యార్డ్ ఉద్యోగం మానేసి జావా నేర్చుకుని, నువ్వూ నేర్చుకో అని రోజూ ఇంట్లో పోరుతుండేవాడు. ఆమె వినేది కాదు. ఆమెకి ఆ పనంటే ప్రాణం.

ఆ పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. నేలలో స్ట్రాన్షియం అనే లోహం ఉంటుంది. దానిలో బరువు తేడా ఉన్న రకాలున్నాయి, వాటినే ఐసోటోపులంటారు. అవి ఏ పాళ్ళలో ఉంటాయన్నది నేలను బట్టి మారుతుంది. పాత గ్రానైటు కొండల్లో ఒక లెక్క, ఏటి ఒడ్డు ఒండ్రు నేలలో మరో లెక్క. నేలలోంచి నీళ్ళలోకి, పైరులోకి, అక్కణ్ణుంచి తిన్నవాడి పంటిలోకి చేరుతుంది. పంటి మీది గట్టి పెంకు చిన్నతనంలో ఒక్కసారే తయారవుతుంది, ఆ తర్వాత మారదు. అందుకని మనిషి ఎక్కడ పోయినా పన్ను మాత్రం చిన్నప్పటి సంగతే చెబుతుంది. మనవాళ్ళు పరిచయమైన మరుక్షణం "మీదే ఊరు?" అని అడుగుతారు చూడండి, ఆ పాళ్ళు కొలిచే మా మెషీను అడిగేదీ అదే. మనుషులకి బొంకొచ్చు, దానికి బొంకలేరు అని నాకో గర్వం ఉండేది.

పంటి ముక్కను ఆమ్లంలో కరిగించి, అందులోంచి స్ట్రాన్షియాన్ని విడదీసి నా చేతికివ్వడం చెల్లెమ్మ పని. దానికి వేరే గది ఉండేది, క్లీన్ రూము అనేవాళ్ళం. దుమ్ము రేణువు పడినా లెక్క తప్పుతుంది. గాజులు తీసి, బొట్టు తుడిచి, తల నుంచి కాలి దాకా తెల్ల తొడుగు వేసుకుని లోపలికి పోయేది. నేను ఆవకాయ తిన్న రోజున నన్ను గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు. ఆ మడి ముందు మా నాయనమ్మ మడి కూడా దిగదుడుపే.

మా దగ్గరికి మామూలుగా వచ్చేవి సముద్రపు నీళ్ళు, మట్టి, ఖనిజాలు. ఆ ఏడు ఐరోపా నుంచి ఒక పరిశోధక విద్యార్థిని పళ్ళు పట్టుకుని వచ్చింది. వాళ్ళ దేశంలో మెషీను ఖాళీ లేదట, ఆమె గురువుగారికి మా మేడం తెలుసట. మేము వెనకాల ఆమెను పళ్ళమ్మాయి అనేవాళ్ళం. అక్కడి ఒక నది లోయలో, రాతియుగపు రైతుల శ్మశానం తవ్వితే దొరికిన పళ్ళవి. మ్యూజియంవాళ్ళు ఒక్కో పంటిని నిలువునా కోసి సగం ఇచ్చారు, రెండో సగం ముట్టుకోనివ్వమన్నారు. కరిగించిన పన్ను మళ్ళీ రాదు. అంటే ఒక్కో మనిషిని ఒక్కసారే అడగగలం. ఆమె అడగదలచిన ప్రశ్న ఒకటే. ఆ కాలంలో ఆడపిల్లలు పుట్టిన చోటే ఉండేవారా, పరాయి చోటు నుంచి కోడళ్ళుగా వచ్చేవారా? ఆమె థీసిస్ అంతా దాని మీదే ఉంది.

మా మేడం ఒక షరతు పెట్టింది. మన చెయ్యి సరిగ్గా ఉందని నమ్మాలంటే, ఎక్కడ పెరిగిందో మనకి ముందే తెలిసిన మనిషి పన్ను ఒకటి వీటితోపాటే కరిగించాలి అంది. చెల్లెమ్మ మర్నాడే ఒక చిన్న డబ్బీ తెచ్చింది. వాళ్ళమ్మాయికి అప్పుడే ఊడిన పాలపన్ను, దవడ వైపుది. ఆ పిల్ల పుట్టింది సింగపూర్‌లో. మామూలుగా తొలికాన్పుకి పుట్టింటికి పోతారు, కానీ చెల్లెమ్మకి తల్లి చిన్నప్పుడే పోయింది. అందుకని అత్తగారే వేవిళ్ళప్పుడే అనంతపురం నుంచి వచ్చి, పురుడు పోసి, టోవా పాయో పేటలో వాళ్ళ ఫ్లాటులోనే ఉండిపోయింది. చెల్లెమ్మ మూడో నెలలోనే పనిలోకి వచ్చేసింది. క్లినిక్‌లో నర్సు చెప్పిన డబ్బా తిండి చెప్పినట్టే కొని పెట్టానని, తన బిడ్డ ఇక్కడి తిండి తప్ప ఎరగదని మేడంకి గట్టిగా చెప్పింది. ఆ పంటినీ సగానికి కోసి ఒక ముక్క కరిగించింది.

లెక్కలు రావడం మొదలయ్యాయి. లోయలోని మనుషులంతా లోయ లెక్కే చూపించారు. ఒక్క స్త్రీ మాత్రం వేరు. ఆమెది కొండల లెక్క, పాత గ్రానైటు లెక్క. పళ్ళమ్మాయి ఎగిరి గంతేసి నన్ను వాటేసుకుంది. ఆ సంగతి మా ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు. వేల ఏళ్ళ కిందటి ఒక కోడలు దొరికింది! ఆ సంబరంలోనే ఆఖరి ముక్కని, చెల్లెమ్మ కూతురి పంటిని, మెషీనులో పెట్టాను.

అది కూడా గ్రానైటు లెక్కే చూపించింది. ఆ కొండల స్త్రీదీ ఈ పిల్లదీ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి.

మెషీను చెడిందేమోనని రెండుసార్లు చూశాను. చెడలేదు. టోవా పాయోలో పెరిగిన పిల్లకి ఆ లెక్క రావడానికి వీల్లేదు. ఆ రెండు పళ్ళూ ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఒకే చేత్తో కరిగించినవి. పన్ను వేయకుండా ఉత్త ఆమ్లంతో చేసే ఖాళీ గిన్నె పరీక్షలో శుభ్రంగానే తేలింది కానీ, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చుక్క చిందితే ఆ పరీక్ష పట్టుకోలేదు. మేడం కాసేపు కాగితం వంక చూసి, "ఒక చుక్క చాలు," అంది.

మర్నాటికి రిపోర్టు టైపయింది. ల్యాబు పొరపాటు వల్ల నమూనాలు కలిసిపోయాయి, ఈ విడత లెక్కలేవీ నమ్మదగినవి కావు అని. చెల్లెమ్మ సంతకం పెడితే అది మ్యూజియానికి పోతుంది. పళ్ళమ్మాయి థీసిస్ పోతుంది. రెండో సగం పళ్ళు ఇక ఎవరూ ఇవ్వరు. చెల్లెమ్మకి మళ్ళీ క్లీన్ రూములో అడుగు పెట్టే వీలుండదు. మేడం సోమవారం దాకా గడువిచ్చింది. పళ్ళమ్మాయి కారిడార్‌లో కూర్చుని, ఏడుపు ఆపుకుంటూ, పెట్టెలోని ఖాళీ గడులు సర్దుకుంటోంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. పద్ధతిగల పిల్ల.

చెల్లెమ్మను దెబ్బలాడమన్నాను. "ఏమని దెబ్బలాడేది అన్నా? నా బిడ్డ ఏం తినిందో నాకు తెలీదా? పన్ను తప్పు చెప్పదు. అంటే నా చెయ్యే తప్పు," అంది.

ఆదివారం మా ఆవిడ ఉండబట్టలేక, పోయి పలకరించి రమ్మంది. టోవా పాయో వెళ్ళాను. భర్త ఆఫీసుకి పోయాడు. సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఆదివారాలుండవు కదా. పిల్ల టీవీ ముందు ఉంది. అత్తగారు వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సన్నటి మనిషి. అన్నాళ్ళున్నా ఇంగ్లీషు ముక్క రాదు కానీ, కింద కూరల బజారులో చైనా ఆవిడతో బేరమాడి గెలిచే రకం. చెల్లెమ్మ సంతకం పెట్టేస్తానంది. నేను ఏదో ఓదార్చాలని, నాకు జన్మలో నచ్చని మాట నా నోటితోనే అన్నాను. "పోనీలే చెల్లెమ్మా. ఇది పోతే జావా ఉండనే ఉందిగా."

చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది.

"జావ సంగతి మీకెవరు చెప్పినారు నాయనా?" అంది అత్తగారు.

నాకు అర్థం కాలేదు. చెల్లెమ్మకీ కాలేదు. ముసలావిడ ముఖం మాత్రం పాలిపోయింది. కొడుకు ఇంట్లో జావా, జావా అని పెళ్ళాంతో గొడవ పడినప్పుడల్లా గుండె గుభేలుమనేదట ఆవిడకి, తన గుట్టు బయటపడిందని. ఇప్పుడు పరాయి మనిషి కూడా వచ్చి అదే మాట అనేసరికి ఇక దాచి లాభం లేదనుకుంది.

"పెట్టినానమ్మా. రాగిజావే పెట్టినా," అంది కోడలితో. "ఆ డబ్బా పిండి వాసన నాకే పడలా. చంటిబిడ్డ నోట్లో ఎట్ల పెట్టేది? మా అన్న చేన్లో రాగులు తెప్పిచ్చి, మొలకెత్తిచ్చి, ఎండబెట్టి, పిండి చేసి, జావ కాంచి పోసినా. నీకు చెప్తే కొట్లాటకొస్తావని చెప్పలా."

మరి డబ్బాలేం చేశావని చెల్లెమ్మ అడిగింది. కింది అంతస్తులో మలయ్ ఆవిడకిచ్చేదట. ఆమెకీ అదే ఈడు పిల్ల. ఆ పిల్ల కూడా బాగానే పెరిగింది కదా అని సమర్థించుకుంది. తర్వాత నా వైపు తిరిగి, ఇంతకీ ఎవరు చెప్పారని మళ్ళీ అడిగింది. పన్ను చెప్పిందన్నాను. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"పంటికి గూడ తెలిసిపాయెనా!"

నేను నిజం చెబుతున్నాను, నాకు ఆనందం పట్టలేదు. రాగుల్లో సున్నం, అదే కాల్షియం, మెండు, సున్నం వెంట స్ట్రాన్షియం ఉంటుంది. అనంతపురం నేలంతా పాతకాలపు గ్రానైటు. లెక్క కుదిరిపోయింది! చెల్లెమ్మ చెయ్యి శుభ్రం! కానీ చెల్లెమ్మ ముఖంలో ఆనందం లేదు. లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. "ఇన్నేండ్లు నన్ను మోసం చేసినావు అత్తా. నా బిడ్డకు నేనేం పెట్టినానో నాకే తెలీకుండా చేసినావు," అంది. అలాంటి సమయంలో నేను, గుప్పెడు పిండి ఉంటే ఇస్తారా పిన్నిగారూ అని అడిగాను. ఇద్దరూ నన్ను ఒకే చూపు చూశారు. అత్తాకోడళ్ళు ఆ రోజు ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

టీవీ ముందున్న పిల్ల ఇటు తిరిగి, "సో ఐయామ్ ఫ్రమ్ అనంతపూర్, ఈజిట్?" అంది.

అదే చేను రాగులు, ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత అప్పటికీ తెప్పించుకుంటూనే ఉంది ఆవిడ. సోమవారం పొద్దున్నే పిండి పొట్లం మేడం బల్ల మీద పెట్టాను. ఆవిడ నవ్వలేదు, కాదనలేదు. తానే తెల్ల తొడుగు వేసుకుని ఆ పని చేసింది. చెల్లెమ్మను ముట్టుకోనివ్వలేదు. లెక్క వచ్చింది. రాగులూ పిల్ల పన్నూ ఒకటే. మేడం అంతటితో ఆగక, మలయ్ ఆవిడను అడిగి వాళ్ళ పిల్ల ఊడిన పన్ను కూడా తెప్పించింది. చెల్లెమ్మ కొన్న డబ్బా తిండితో పెరిగిన ఆ పిల్లది పూర్తిగా వేరే లెక్క. మేము వెతికిన సింగపూర్ పన్ను నిజానికి అదే.

పళ్ళమ్మాయి గంతులేస్తుందనుకున్నాను. అమ్మాయి తన నోటుపుస్తకం తెరిచింది. ఈ స్త్రీ కొండల్లో పెరిగిందని రాసుకున్నాను, ఇప్పుడు ఎలా రాయను అంది. లోయలోనే పుట్టి, ఎవరో కొండల నుంచి తెచ్చిన గింజలు తిని ఉండొచ్చు కదా? ఉగ్గుపాలతో వచ్చింది పోదని మనం ఊరికే అంటుంటాం. అది పంటిలో కూడా ఉండిపోతుందని మాకు ఆ రోజే తెలిసింది. కానీ ఆ ఉగ్గు ఎవరు పెట్టారో, ఎక్కణ్ణుంచి తెచ్చారో పన్ను చెప్పదు. పెరిగింది అన్న మాట కొట్టేసి, కొండల పంట తిన్నది అని రాసింది అమ్మాయి. ఆ ఒక్క మాట కోసం గురువుగారితో ఎంత గొడవ పడిందో తర్వాత తెలిసింది. మీరు పరిశోధనల్లోకి పోతే ఆ పిల్లను తలుచుకోండి.

అయినా రిపోర్టు మేడం సంచీలోనే ఉంది. ఆవిడకి ఇంకో అనుమానం మిగిలింది. ఆ దవడ పన్ను పైకొన బిడ్డ కడుపులో ఉన్నప్పుడే తయారవుతుంది, కింది భాగం పుట్టాక. మిగిలిన సగం ముక్కలో పైకొనను విడిగా చూస్తే అదీ గ్రానైటే. బిడ్డకి జావ పోశారు సరే. పుట్టకముందు? అప్పుడు తల్లి ఏం తింది అని అడిగింది. చెల్లెమ్మ ఊ అంటే అయిపోయేది. నేను కళ్ళతో సైగ కూడా చేశాను. చూసి కూడా, లేదని నిలబడింది. అప్పుడు వేవిళ్ళు ఎక్కువై రాగి వాసనే సహించేది కాదని, బ్రెడ్డూ నూడుల్సూ దోసెలతో గడిపానని ఉన్నదున్నట్టు చెప్పింది. అయితే చుక్క చిందలేదని నేనెలా నమ్మను అంది మేడం. తర్వాత, ఆ పెద్దావిడను నేనే అడుగుతాను, తీసుకుపొండి అంది.

శనివారం అందరం టోవా పాయో వెళ్ళాం. మేడం చెప్పులు బయట విడిచి, తెచ్చిన పళ్ళు రెండు చేతులతో అందించింది. ఇవి తినే పళ్ళే. అత్తగారు మజ్జిగ ఇచ్చింది. అత్తాకోడళ్ళకి వారం నుంచి మాటల్లేవని ఇంట్లోకి అడుగుపెట్టగానే తెలుస్తోంది. చెల్లెమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. నాది దుబాసీ ఉద్యోగం.

ముందు పళ్ళమ్మాయి, రాగులు ఎన్నాళ్ళు నిలవుంటాయని అడిగింది. ఏళ్ళు గడిచినా పురుగు ముట్టదంది ముసలావిడ. అంత కాలం నిలిచే గింజ ఎంత దూరపు కొండ నుంచైనా రావచ్చు కదా, అమ్మాయి ముఖం ఇంకాస్త వాడింది. ఆ తర్వాత ఆవిడే నన్ను, ఈ పిల్ల ఎవరి కోసం ఇంత దిగులు పడుతోందని అడిగింది. చెప్పాను. ఎప్పుడో పోయిన ఒకామె, ఎక్కడ పెరిగిందో తెలుసుకోవాలట అన్నాను.

"ఆమెకు అత్త ఉండెనా?"

పళ్ళమ్మాయి, ఉండే ఉంటుందంది.

"అయితే తానేం తినిందో ఆమెకే తెలిసుండదులే," అంది ముసలావిడ.

అప్పుడు మేడం తన ప్రశ్న అడిగింది. నేను తెలుగులో చెప్పాను. ఈ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మీ కోడలు ఏం తినేది పిన్నిగారూ, ఆ రోజుల్లో రాగులేమైనా తిన్నదా?

ఆవిడ మేడం వైపు చూడలేదు. గోడ దగ్గర నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

"నీకూ పెట్టినా," అంది. "ఏం తిన్నా కక్కుతా ఉంటివి. అమ్మ లేని బిడ్డవి, ఇది కావాలని ఎవరినడుగుతావు? నా మీద నీకు అంత చనువు లేకపాయె. దోసె పిండిలో కలిపి పోసినా. ఈ దోసె ఒక్కటే కడుపులో నిలుస్తాంది అత్తా అంటివి. గ్నాపకం ఉందా?"

మేడం ఏమంది, ఏమంది అని నన్ను అడుగుతోంది. నేను మజ్జిగ గ్లాసు చూస్తూ కూర్చున్నాను. చివరికి చెల్లెమ్మే ఇంగ్లీషులో చెప్పింది, నేనూ తిన్నాను మేడం, నాకు తెలియదు అని. మేడం కాసేపు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సంచీలోంచి రిపోర్టు తీసి నిలువునా చింపి, ముక్కలు తన సంచీలోనే వేసుకుంది. సోమవారం క్లీన్ రూములో పని చాలా ఉంది, త్వరగా రమ్మంది.

చెల్లెమ్మ వినిపించుకున్నట్టు లేదు. వచ్చి అత్తగారి పక్కన చాప మీద కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు. నవ్వుతోందో ఏడుస్తోందో మాకు తెలియలేదు.

"ఆ దోసె అంత నల్లగుంటే," అంది, "సింగపూర్‌లో పిండి రంగే అంతేమో అనుకుంటి అత్తా."